మూడో పేజీ తెలిసే రాయిస్తున్నాను

పల్నాడు జిల్లా, నకరికల్లు గ్రామంలో కాపురముంటూ, నలభై రెండేళ్లు మోటారు వైండింగు పని చేసి బతికిన మందలపు త్రికోటేశ్వరరావు అనే నేను, తండ్రి కీర్తిశేషులు వెంకట్రాయుడు, వయసు అరవై ఎనిమిది సంవత్సరాలు, నా తదనంతరం నా ఆస్తి ఎవరికి ఎలా చెందాలో నిర్ణయించి రాయించిన వీలునామా.

నా కుడిచేయి వణుకుతున్నది. బుద్ధి వణకడం లేదు. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. బీపీ మాత్ర తప్ప మరే మందూ ఈరోజు నా ఒంట్లో లేదు. దస్తావేజు లేఖరి పున్నారావు ప్రతి అంశాన్నీ రాసి, చదివి వినిపించిన తర్వాతే తర్వాతి అంశానికి వెళ్లాం. ఇందులోని కొన్ని సంగతులు వీలునామాలో రాసేవి కావనీ, ఆస్తి వరకు రాస్తే చాలుననీ, మిగతావి ఇంట్లో చెప్పుకోవచ్చుననీ పున్నారావు అన్నాడు. ఇంట్లో చెప్పుకోవలసిన మనిషి ఇప్పుడు లేదు కాబట్టి రాయమన్నాను.

1. 2011వ సంవత్సరంలో నేనొక వీలునామా రాసి రిజిస్టరు చేయించి ఉన్నాను. అప్పటికి నా భార్య, నా కూతురు ఇద్దరూ ఉన్నారు. దాన్ని ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. ఇదే నా కడపటి వీలునామా.

2. నా భార్య విజయలక్ష్మి 2021 మే నెలలో కరోనాతో చనిపోయింది. మా ఒక్కగానొక్క కూతురు వందన 2014 డిసెంబరులో హత్యకు గురైంది. వందన కూతురు సాయి ప్రియ, వయసు పద్దెనిమిది సంవత్సరాలు, నరసరావుపేటలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నది. నాకు వారసురాలు ఈమె ఒక్కతే.

3. నకరికల్లు గ్రామ కంఠంలో, 1998లో నేను కొన్న ఆరు సెంట్ల స్థలమూ, అందులో నేను కట్టించిన మూడు గదుల డాబా ఇల్లూ, బోరూ, దాని మోటారూ, సర్వే నెంబరు 214/2లో 1994లో కొన్న ఎకరా ఎనభై సెంట్ల మెట్ట భూమీ నా తదనంతరం సాయి ప్రియకు సర్వహక్కులతో చెందాలి. అమ్ముకున్నా, ఉంచుకున్నా, కౌలుకిచ్చినా ఆమె ఇష్టం. ఇవన్నీ నా స్వార్జితం. పిత్రార్జితంలో నా వాటా 2003లోనే నా తమ్ముడికి రాసిచ్చాను, ఆ కాగితం బీరువాలో ఉంది.

ఇలా రాయవలసిన పని ఎందుకొచ్చిందో చెబుతాను. నా తమ్ముడి కొడుకు గోపీచంద్ మొన్న వేసవిలో టీకొట్టు దగ్గర నలుగురిలో ఒక మాట అన్నాడు. "ఆ పిల్లకీ మా ఇంటికీ ఏంది సంబంధం? గవర్నమెంటు రిపోర్టే చెప్పిందిగా" అన్నాడు. ఆరో అంశంలో చెప్పబోయే ఆ రిపోర్టు జిరాక్సు కాపీ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. నాకు సంగతి తెలియక ఆస్తి రాసేశాననీ, తెలిసుంటే రాయకపోదుననీ రేపు కోర్టులో చెప్పాలని అతని ఆలోచన. పెళ్లయి కలిసి కాపురం చేస్తుండగా పుట్టిన బిడ్డ చట్టం దృష్టిలో భర్త బిడ్డేనని వకీలు నాకు చెప్పారు. అయినా నాకు తెలిసిందేమిటో, ఎప్పుడు తెలిసిందో కింద రాయిస్తున్నాను. ఆ తర్వాత తెలియదన్న మాట ఎవరూ అనలేరు.

4. వందనను 2005లో మాచర్లలో నాపరాళ్ల ట్రాక్టరు నడిపే శివనాగరాజుకిచ్చి పెళ్లి చేశాం. సంబంధం చూసింది నేనే. రెండేళ్లకు ప్రియ పుట్టింది. 2014 డిసెంబరు పద్నాలుగున అతను ఫోన్ చేసి వందన మీ ఇంటికొచ్చిందా అని అడిగాడు. రాలేదన్నాను. ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుందన్నాడు. పోలీసు కేసు పెట్టాం. వాళ్లు వెతికారు. ఊళ్లో చానామంది అతని మాటే నమ్మారు. నా భార్య ఒక్కరోజు కూడా నమ్మలేదు. బిడ్డను వదిలి ఎటూ పోదు అని మాత్రం అనేది.

2016 మే నెలలో దాచేపల్లి వైపు ఒక పాడుబడిన క్వారీని మళ్లీ తవ్వడానికి అందులోని నీళ్లు తోడారు. అడుగున రాయి కట్టిన గోనెసంచిలో ఎముకలు కనిపించాయి. పుర్రె వెనకభాగం పగిలి ఉంది. బట్ట ఆనవాలు లేదు. రెండు వెండి మెట్టెలు దొరికాయి. అలాంటి మెట్టెలు జిల్లాలో వేలమందికి ఉంటాయి కాబట్టి వాటితో ఏమీ తేలదని సీఐ గారు చెప్పారు. తొడ ఎముకా, ఒక దవడ పన్నూ డీఎన్ఏ పరీక్షకు పంపుతామనీ, పోల్చి చూడటానికి తల్లిదండ్రుల రక్తం కావాలనీ అన్నారు.

కేసు ముగిశాక ఆ మెట్టెల్ని కోర్టువారు నా భార్యకు తిరిగి ఇచ్చారు. బీరువాలో పసుపు గుడ్డలో ఉన్నాయి. అవి ప్రియవి. ఉంచుకోవాలని గానీ, తొడుక్కోవాలని గానీ నేను చెప్పను. కరిగించి ఇంకేదైనా చేయించుకున్నా సరే.

5. సర్కారు ఆసుపత్రిలో ఆ రోజు మా రక్తం తీసిన నర్సు జీవరత్నం గారికి, నా షాపులో పైకప్పుకు బిగించి ఉన్న సీలింగు ఫ్యాను ఇవ్వాలి. దాని వైండింగు నేనే చేశాను, చప్పుడు చేయదు. ఆ గదిలో ఫ్యాను కీచుమంటూ ఉంటే, ఇరవై ఏళ్ల నుంచీ ఇంతే బాబాయ్, చెవులు అలవాటు పడ్డాయి అన్నారు ఆమె. ఇప్పుడు రిటైరై ఇంట్లోనే ఉంటున్నారు.

ముందు నా భార్యకు సూది గుచ్చారు. గొట్టంలోకి రక్తం తీసి, తెల్లటి కార్డు మీద చుక్కలు వేసి ఆరబెట్టారు. కవరులో పెట్టి సీలు వేశారు. ఫారం మీద ఆమె ఫోటో అంటించి సంతకం తీసుకున్నారు. తర్వాత నన్ను కూర్చోమన్నారు.

నా రక్తం ఆ ఎముకలతో సరిపోలదని నాకు తెలుసు. ఎలా తెలుసో పదో అంశంలో ఉంది. సీఐ గారు బయట వరండాలో ఫోన్ మాట్లాడుతున్నారు. వెళ్లి, తల్లి రక్తం ఒక్కటే పంపండి, నాది వద్దు అని చెవిలో చెప్పడానికి నాకు అవకాశం ఉంది. చెబితే ఎందుకని అడిగేవారు. నా భార్య పక్కనే ఉంది. నాకు తెలుసన్న సంగతి ఆమెకు తెలిసిపోతుంది. చొక్కా చేయి పైకి మడిచి నా చేయి చాపాను. జీవరత్నం గారు రక్తం తీశారు. తర్వాత జరిగినదంతా దాని మూలంగా జరిగింది.

6. రిపోర్టు 2017 జనవరిలో వచ్చింది. సీఐ గారు నన్నొక్కణ్ణే పిలిపించారు. మొత్తం మూడు పేజీలు. రెండో పేజీలో ఆ ఎముకలు విజయలక్ష్మి కన్నబిడ్డవని ఉంది. మూడో పేజీలో ఆ బిడ్డకు త్రికోటేశ్వరరావు జన్మనిచ్చిన తండ్రి కాదని ఉంది. సీఐ గారు టీ తెప్పించారు. "పెద్దాయనా, మనకు రెండో పేజీ చాలు. మూడోది నువ్వు చూడలా, నేను చూపించలా" అన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు. ఆ వారంలోనే శివనాగరాజును అరెస్టు చేశారు. బిడ్డను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోతానని వందన అన్నందుకు ట్రాక్టరు జాకీ రాడ్డుతో కొట్టానని అతను పోలీసులకు చెప్పాడు. కోర్టులో మాత్రం తాను అలా చెప్పనేలేదన్నాడు. ప్రియ మా ఇంటికొచ్చింది. సీఐ గారిని అడిగి తీసుకున్న రిపోర్టు కాపీని షాపు సొరుగులో పెట్టి తాళం వేశాను. నా భార్యకు రెండో పేజీ సంగతి మాత్రం చెప్పాను.

ఆ కాపీ, మూడు పేజీలూ కలిపి, గోపీచంద్‌కు ఇస్తున్నాను. అతని దగ్గరున్నది జిరాక్సు. నాది ల్యాబు ముద్ర ఉన్న నకలు. దానిమీద అంత ఆసక్తి ఉన్నవాడు మా బంధువర్గంలో మరొకడు లేడు. నా ఆస్తిలో అతనికి ఇది తప్ప మరేమీ లేదు.

7. నా పొరుగింటి మార్తమ్మకు నా గేదెనూ, దూడనూ, గడ్డి కోసే మిషన్నూ ఇస్తున్నాను. 2018లో వాయిదాలకు నా భార్య వెంట చివరిదాకా నరసరావుపేట వచ్చింది ఆమె ఒక్కతే. మా బంధువుల్లో మొదటి వాయిదాకు పదకొండు మంది వచ్చారు. సెప్టెంబరు వాయిదా తర్వాత ఒక్కరూ రాలేదు. సెప్టెంబరులో జరిగింది ఇది.

ల్యాబు నుంచి వచ్చిన సైంటిస్టు మేడమ్ ఓపికగా సాక్ష్యం చెప్పింది. బిడ్డలోని ప్రతి గుర్తులోనూ ఒక సగం తల్లి నుంచి, ఒక సగం తండ్రి నుంచి వస్తుందనీ, ఇరవై చోట్ల పోల్చి చూశామనీ, తల్లి సగం అన్ని చోట్లా విజయలక్ష్మితో సరిపోయిందనీ చెప్పింది. అప్పుడు ముద్దాయి తరఫు వకీలు లేచి మూడో పేజీ పైకి చదివాడు. పదకొండు చోట్ల తండ్రి గుర్తు సరిపోలలేదని ఆమె చేత చెప్పించాడు. అతని వాదన తేలికగా అర్థమైంది. భార్యాభర్తల బిడ్డ అయినప్పుడు ఇద్దరితోనూ కలవాలి. ఒకరితో కలవలేదంటే ల్యాబు తప్పు చేసి ఉండాలి. తండ్రి దగ్గర తప్పు చేసిన ల్యాబు తల్లి దగ్గర చేయలేదని నమ్మకమేమిటి? ఇవి ఎవరివో ఎముకలు. వందన ఎక్కడో బతికే ఉంది. ఇంతే అతను అన్నది.

మూడో పేజీ సంగతి నా భార్య విన్నది అప్పుడే, కోర్టు హాల్లో, వెనక బల్ల మీద. ఆమె నా వైపు చూసిందని మార్తమ్మ తర్వాత చెప్పింది. నేను నేల చూస్తున్నాను.

రెండు వారాల తర్వాతి వాయిదాకు ఆమె పబ్లిక్ ప్రాసిక్యూటరును కలిసి, తనను మళ్లీ బోనెక్కించమని తానే అడిగింది. నాకు చెప్పలేదు. జడ్జి గారు విషయం గ్రహించి, హాలు ఖాళీ చేయిస్తానన్నారు. ఆమె వద్దన్నది. "ఉండనీయండయ్యా. రేపు బయట తలా ఒక రకంగా చెప్పుకుంటారు. ఇక్కడే విననీయండి" అన్నది. ఆ తర్వాత ప్రమాణం చేసి, తన భర్త తన కూతురికి కన్నతండ్రి కాదనీ, ల్యాబు తప్పు చెప్పలేదనీ చెప్పింది. ముద్దాయి వకీలు ఆమె అబద్ధాలకోరని నిరూపించాలని, మీ ఆయనలో ఏదైనా లోపముందా అని అడిగాడు. "ఆయనలో ఏ లోపమూ లేదండీ. తప్పు నాదే" అన్నది. ఆ మాట సాక్ష్యం కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఎక్కింది.

దాని మీదే జడ్జి గారు ప్రియ రక్తమూ, ముద్దాయి రక్తమూ తీయమని ఉత్తర్వు ఇచ్చారు. అప్పటికి ప్రియకు పదకొండేళ్లు. దాని గుర్తుల్లో ఒక సగం ఆ ఎముకలతో, ఒక సగం ముద్దాయి బోనులో ఉన్న మనిషితో కలిశాయి. ఇక వాదించడానికి వకీలు దగ్గర ఏమీ లేదు. 2019 మార్చిలో శివనాగరాజుకు యావజ్జీవ శిక్ష పడింది.

ఆ వకీలు మీద నాకు కోపం లేదు. తన పని చేశాడు. బంధువుల మీద ఉంది. అది నాతోనే పోతుంది.

8. నా షాపూ, అంటే పొలాల మోటార్లు బాగుచేసే అద్దె గదిలోని సామాను, ఐదో అంశంలో రాసిన ఫ్యాను తప్ప మొత్తం, వైండింగు మిషను, రాగి తీగ చుట్టలు, మీటర్లు, వైస్, పనిముట్లు, షాపు పేరు, అన్నీ దావూద్‌కు చెందాలి. ఇరవై ఆరేళ్లుగా నాతో పని చేస్తున్నాడు. నాకు చేతులు వణకడం మొదలైన నాలుగేళ్ల నుంచీ పని అతనిది, పేరు నాది. నా భార్య సాక్ష్యం చెప్పి వచ్చిన మర్నాడు షాపు తెరవాలా వద్దా అని నేను ఇంట్లో కూర్చుంటే, దావూద్ వచ్చి, కాలిపోయిన మోటారు ఒకటి వచ్చింది, సాయంత్రానికి మిరప తోటకు నీళ్లు పెట్టాలంట, రా అన్నా అన్నాడు. వెళ్లాను.

9. శివనాగరాజుకు నేనిచ్చేది ఏమీ లేదు. ప్రియకు మాత్రం ఒక సంగతి రాస్తున్నాను. అతన్ని చూడటానికి జైలుకు వెళ్లాలని ఎప్పుడైనా అనిపిస్తే వెళ్లవచ్చు. వెళ్లకపోయినా మంచిదే. దీన్ని బట్టి ఆమె ఆస్తి హక్కులో ఏ మార్పూ ఉండదు. ఎవరూ అడ్డుపడకూడదు, ఎవరూ బలవంతం చేయకూడదు. దాని ఒంట్లో సగం అతనిదని తెలిసినప్పటి నుంచీ అది అద్దంలో ముఖం చూసుకోవడం తగ్గించింది. వాళ్లమ్మమ్మ ఉన్నన్నాళ్లూ జడ వేస్తూ చేతికి అద్దం ఇచ్చేది. ఆ చెక్క అద్దం వంటగది గోడకు ఉంది. అదీ ప్రియదే.

10. ఈ అంశం నేను ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను.

మా పెళ్లి 1980లో జరిగింది. ఐదేళ్లు పిల్లలు కలగలేదు. మా అమ్మ విజయలక్ష్మిని గొడ్రాలన్నది. ఇంటికి వచ్చినవాళ్ల ముందు అన్నది, పేరంటాలకు వెళ్లొద్దన్నది, పొరుగువాళ్ల పసిపిల్లల్ని ఎత్తుకోనిచ్చేది కాదు. 1985లో గుంటూరులో డాక్టరుకు చూపించుకున్నాం. ముందు ఆమెకు పరీక్షలు చేసి ఏ దోషమూ లేదన్నారు. వారం తర్వాత నా పరీక్ష కాగితం తెచ్చుకోవడానికి నేనొక్కణ్ణే వెళ్లాను. నా వల్ల బిడ్డలు కలిగే అవకాశం లేదనీ, దీనికి మందు లేదనీ డాక్టరు చెప్పి కాగితం చేతికిచ్చాడు. ఇంటికొచ్చి, ఇద్దరిలోనూ ఏమీ లేదన్నారు, ఆలస్యమవుతుందంతే అని చెప్పాను. కాగితాన్ని పనిముట్ల పెట్టె అడుగున, రేకు కింద దాచాను. మా అమ్మ మరో ఏడాది పాటు ఆ మాట అంటూనే ఉంది. నాకు రెండో పెళ్లి చేస్తానని సంబంధాలు వెతికింది. నేను అన్నం తింటూ వినేవాణ్ణి.

1987 ఆగస్టులో వందన పుట్టింది. నాకు అర్థమైంది. అడగలేదు. అడగాలంటే ముందు నేను చెప్పాలి. బిడ్డను ఎత్తుకున్నాను. ఆ తర్వాత దాన్ని పరాయిదని ఒక్కరోజు కూడా అనుకోలేదు. ఇది గొప్పతనం కాదు, ఎత్తుకుంటే అలాగే అవుతుంది. కొన్నాళ్లకు ఆ కాగితం పెట్టెలో కనిపించలేదు. ఎలుకలు కొట్టేసి ఉంటాయనుకున్నాను.

సాక్ష్యం చెప్పిన రోజు బస్సులో వస్తుంటే ఆమె కిటికీ వైపు చూస్తూ, "పేరు చెప్పమంటే చెబుతా" అన్నది. "అక్కర్లా" అన్నాను. అప్పుడైనా గుంటూరు సంగతి చెప్పవచ్చు. చెప్పలేదు. మరో రెండున్నరేళ్లు బతికింది. చెప్పలేదు. ఆసుపత్రిలో చేర్చాక లోపలికి పోనివ్వలేదు.

ఆమె పోయిన పదకొండో రోజున, చీరలు ఎవరికైనా ఇద్దామని పెట్టె తీశాను. పెళ్లి చీర మడతలో నా పరీక్ష కాగితం ఉంది. ఎలుకలు కొట్టలేదు. మడత పెట్టి, మడతల దగ్గర చిరగకుండా వెనక గుడ్డ ముక్క అంటించి దాచింది. నా సంగతి ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు. ఆ కాగితం కోర్టుకు తెచ్చి చూపించి ఉంటే చాలు, చెప్పవలసిన జవాబు నేను చెప్పుకోవలసి వచ్చేది. నా లోపం గురించి వకీలు అడిగినప్పుడు, నిజం చెబుతానని ప్రమాణం చేసిన బోనులో, ఆమె చెప్పిన అబద్ధం అదొక్కటే.

కాబట్టి రాయిస్తున్నాను. బిడ్డలు కలగకపోవడానికి కారణం నేను. ఆమెను గొడ్రాలంటుంటే విన్నది నేను. నా రక్తం పరీక్షకు ఇవ్వకుండా ఉంటే మూడో పేజీయే లేదు, ఆమె నలుగురిలో ఆ మాట చెప్పవలసిన పనే లేదు. ఇస్తే ఏం తేలుతుందో తెలిసే ఇచ్చాను. తప్పు నాదే అన్న మాట ఆమె పేరున కోర్టు రికార్డులో ఉంది. అది నా పేరున ఉండవలసింది.

ఈ సంగతి పోయిన నెల దసరా సెలవులకొచ్చిన ప్రియకు చెప్పాను. అది మొత్తం విని, "అమ్మమ్మకి చెప్పాల్సింది తాతయ్యా" అన్నది. మర్నాడు నాకు మందులు సర్ది, వారానికి సరిపడా డబ్బాలో వేసి, బస్సెక్కింది.

11. ఈ వీలునామాను అమలు జరపవలసిన బాధ్యత దావూద్‌కు అప్పగిస్తున్నాను. నా చితికి ప్రియ నిప్పు పెట్టాలి. దానికి ఇష్టం లేకపోతే దావూద్ పెట్టాలి. మతం అడ్డమని ఎవరైనా అంటే ఆ అన్నవాళ్లు ఇంటికి పోవచ్చు. నా పెద్దకర్మ రోజున బంధువులందరినీ పిలవాలి, మొదటి వాయిదాకు వచ్చిన పదకొండు మందిని తప్పకుండా పిలవాలి. అందరూ కూర్చున్నాక, విస్తళ్లు వేయకముందే, పదో అంశాన్ని మొదటి నుంచి చివరిదాకా బిగ్గరగా చదవాలి. ఎవరు చదివినా సరే. చదివేటప్పుడు ఆమె అని ఉన్న చోటల్లా విజయలక్ష్మి అనే చదవాలి.

ఇది నా సమ్మతితో రాయించి, చదివించుకుని, సరిగా ఉన్నదని ఒప్పుకుని, కింది సాక్షుల ఎదుట సంతకం చేశాను. సాక్షులు నా ఎదుట సంతకాలు చేశారు. వీరిలో ఎవరికీ ఈ వీలునామా వల్ల ఏ లాభమూ లేదు.

నకరికల్లు,
2025 నవంబరు 17వ తేదీ, సోమవారం.

(సంతకం) మందలపు త్రికోటేశ్వరరావు
చేయి వణకడం వల్ల సంతకం వంకరగా పడింది. నాదే.

సాక్షులు:
1. గుర్రం అభిరామ్, మందుల షాపు, నకరికల్లు
2. షేక్ ఇష్రత్, టీచరు, నకరికల్లు

దస్తూరి: పున్నారావు, దస్తావేజు లేఖరి, నరసరావుపేట